సవరణ: షేడ్ కార్డు మీది అంకె మెరుపును చెప్పదు

వెలుతురు బాగా వచ్చే వంటగదికి రంగుల ఎంపిక గురించి గత వారం రాసినప్పుడు, రంగుల నమూనాలుండే షేడ్ కార్డు మీది ఎల్‌ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) అంకె రంగు మెరుపును సూచిస్తుందని, కళ్లు చెదరకూడదంటే మ్యాట్ (మెరుపు లేని) రకం తీసుకుంటే చాలునని చెప్పాను. అది తప్పు, కార్డును నేను సరిగా చదవలేదు. రంగుల తయారీదారుల సాంకేతిక పత్రాల ప్రకారం, గోడ మీద పడిన వెలుతురులో ఎంత భాగం తిరిగి వస్తుందో ఆ అంకె 0 నుంచి 100 వరకు గల కొలమానంలో చెబుతుంది. మెరుపు వేరే లక్షణం. కాబట్టి 85 దాటిన తెలుపును మ్యాట్‌లో వేసినా గదిలో వెలుతురు పెద్దగా తగ్గదు.

హైదరాబాదులో పడమటి కిటికీ ఉన్న మా వంటగదిలో, సాయంత్రం నాలుగున్నరకు గట్టు పక్క గోడ తెల్లగా వెలిగిపోతుంటే, మూకుడులో పోపు వేగిందో మాడిందో పోల్చుకోవడం కష్టమయ్యేది. అదే గోడ మీద 65 అంకె ఉన్న లేత గంధం రంగును నమూనాగా వేయించాక ఆ ఇబ్బంది బాగా తగ్గింది.

ఉత్తరపు కిటికీకి నేరుగా ఎండ రాదని అప్పుడే నేను రాసిన మాటనూ సవరిస్తున్నాను: మన నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు కొద్దిగా ఉత్తరానికే ఉంటాడు.