డాక్టర్లు వాడిన బండి

రాజాంలో పాత మెటడోర్ వ్యాన్ ఉందంటే వెళ్లాను, చూశాను, 70,000 పోశాను. ఆలోచన మాత్రం తర్వాత మొదలైంది. దాన్ని టిఫిన్ బండి చేసి సాయంత్రాలు విజయనగరంలో దోశలు వేద్దామని నా ప్లాను. అమ్మినాయనది ఒకటే పాట: "1974 మోడల్ బాబూ, డాక్టర్లు వాడిన బండి, ఒక్కరోజు సర్వీసు తప్పలేదు." పాత బండి అమ్మే ప్రతివాడూ డాక్టరు పేరే ఎత్తుతాడు, డాక్టర్లకి ఇన్ని బళ్లెక్కడివో అని అప్పుడైనా అడగాల్సింది.

నిన్న నెల్లిమర్ల రోడ్డులో వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చాను. కుర్రాడు పంపు కొడుతుంటే తెల్లరంగు పెచ్చులుగా ఊడింది. ముందు ఎర్రగా ఒక మూల, తుప్పనుకున్నా. తర్వాత ఇంకో మూల. చివరికి తలకిందులుగా నిండు ఎర్ర త్రికోణం. కుర్రాడికి ఇరవై ఏళ్లుండవు, "దారిమ్మనే బోర్డు కదన్నా ఇది?" అన్నాడు. పక్క టీకొట్టులో తాతకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గ్లాసు కింద పెట్టి, పంచె సర్దుకుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపలున్న పొడుగు రేకుబల్లని, నేను పెనం బిగిద్దామని కొలత తీసుకున్న బల్లనే, అరచేత్తో తట్టి చూసి, "ఎమర్జెన్సీలో ఇలాటి బండే మా ఊరొచ్చింది. అప్పుడు డబ్బులిచ్చినారు. ఈపాలి ఏటిస్తన్నారు బాబూ?" అన్నాడు.

"దోశలండీ" అన్నాను, తొందరలో.

"ఆపరేషనుకి దోశలేనా!"

టీకొట్టు మొత్తం లేచి వచ్చింది. ఆ ఎర్ర త్రికోణం కుటుంబ నియంత్రణ గుర్తట. 1976-77లో దేశం మొత్తమ్మీద 80 లక్షల పైచిలుకు ఆ ఆపరేషన్లు చేశారట. సర్వీసు తప్పలేదని ఆ రాజాం ఆయన అన్నదాంట్లో అబద్ధమేం లేదు, అదే ఇంకా మండుతోంది.

సరే, 50 ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద రాయించుకుందామని రవాణా ఆఫీసుకెళ్లాను. 2021లో వచ్చిన రూలు ప్రకారం ఫీజు 20,000, కానీ వింటేజ్ బండితో వ్యాపారం చెయ్యకూడదట. పోనీ మామూలు బండిగా నడుపుతానంటే, "దీనికి ఫిట్‌నెస్సా?" అని కౌంటర్లో ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. బండిని చూడనైనా లేదు.

ఇంటికొచ్చేసరికి ఫొటో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. శుక్రవారం మా బావమరిది పెళ్లి, పెళ్లికూతుర్ని ఈ బండిలోనే తెస్తానని మాటిచ్చాను. వాడే ఫోన్ చేశాడు.

"బావా, బండొద్దులే. ఆటో మాట్లాడేశాం."