రెండు రకాల కమిషన్లు

ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల సిఫార్సు మీద స్థానికంగా అభివృద్ధి పనులకు ఏటా నిధులిచ్చే కేంద్ర పథకం. దీన్ని సంస్కరించాలని పెద్దలు చాలాకాలంగా కోరుతున్నారు. నేనూ సంస్కరణవాదినే. కాకపోతే పథకంలో నాకు వంకేమీ కనపడలేదు. సంస్కరించాల్సింది జనాన్ని.

ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు. 1993 జూలైలో పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం 265-251 ఓట్లతో అవిశ్వాస తీర్మానం నుంచి గట్టెక్కింది. అదే ఏడాది డిసెంబరు 23న ఆయన ఈ పథకాన్ని ప్రకటించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేననను. రెండూ ఒకే క్యాలెండర్లో ఉన్నాయంటాను, అంతే. తొలి ఏడాది ఎంపీకి 5 లక్షలు. మరుసటి ఏడాదికే కోటి. 1998-99 నాటికి రెండు కోట్లు. అంగన్‌వాడీలో గుడ్డు తినే పిల్లలు కూడా ఇంత పుష్టిగా ఎదగరు.

ఈ పథకానికి రెండు రకాల కమిషన్లతో పరిచయం ఉంది. మొదటి రకం ఢిల్లీలో కూర్చుని నివేదిక రాస్తుంది. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య గారి రాజ్యాంగ సమీక్షా కమిషన్ దీన్ని ఆపేయమంది. 2007లో వీరప్ప మొయిలీ గారి పరిపాలనా సంస్కరణల కమిషన్ కూడా రద్దు చేయమనే చెప్పింది. రెండో రకం కమిషన్ నివేదికలు రాయదు. అసలు ఏదీ కాగితం మీద పెట్టదు. 2005 డిసెంబరులో ఒక టీవీ చానల్ రహస్య కెమెరా పెట్టినప్పుడు మాత్రం కాస్త నోరు జారింది. దాంతో లోక్‌సభ నలుగురు సభ్యుల్ని మందలించింది, రాజ్యసభ ఒకాయన్ని ఇంటికి పంపింది.

మరి ఏ రకం కమిషన్ మాట నెగ్గింది? 2011లో రెండు కోట్లు కాస్తా ఐదు కోట్లయ్యాయి. రద్దు చేయమన్న కమిషన్లు రెండు, పెరిగింది మూడు కోట్లు. అంటే తలా కోటిన్నర. అందుకే పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాను, దయచేసి మూడో కమిషన్ వేయించకండి. ఇప్పటికే ఉభయ సభల్లో 788 సీట్లు, సీటుకు ఐదు కోట్ల చొప్పున ఏడాదికి 3,940 కోట్లు. ఇంకో నివేదిక వస్తే ఖజానా తట్టుకోలేదు.

ఎంపీ గారు ఇందులో రూపాయి కూడా ముట్టుకోరు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన సిఫార్సు మాత్రమే చేస్తారు. మంజూరు జిల్లా యంత్రాంగానిది, బిల్లు కాంట్రాక్టరుది, జరిగిన పనిని కొలిచి ఎంబీ (కొలతల పుస్తకం) రాయడం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి పని. పథకం రాజ్యాంగబద్ధమేనని 2010లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. కాబట్టి సీసీ రోడ్డు నిలిస్తే ఎంపీ గారి చలవ, పగిలితే అధికారుల నిర్లక్ష్యం. ఇంత చక్కటి పని పంపకం ఉమ్మడి కుటుంబాల్లో కూడా నేను చూడలేదు.

నిబంధనల్లో శాతాలు కూడా ఉన్నాయి. ఎస్సీలు ఉండే ప్రాంతాలకు 15, ఎస్టీ ప్రాంతాలకు 7.5. ఇవి రాసిన శాతాలు. వీటిని ఖర్చు పెట్టించడానికి సమీక్షలు, లేఖలు, మళ్లీ సమీక్షలు కావాలి. రాయని శాతాలకు ఈ తంటా లేదు. అందుకే శాతాలేవీ రాయొద్దని నా మొదటి సూచన. రాయకపోతేనే పక్కాగా అమలవుతాయి.

కరోనా వేళ 2020 ఏప్రిల్‌లో రెండేళ్లపాటు పథకాన్ని ఆపారు. రెండేళ్లూ నిండకుండానే, 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. ఆ మధ్యకాలంలో కొబ్బరికాయల వ్యాపారులు, శిలాఫలకాలు చెక్కేవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో ఎవరైనా అడిగారా?

శిలాఫలకం అన్నాను కాబట్టి అసలు విషయానికొస్తాను. మా ఊళ్లో ఈ నిధులతో ఒక బస్ షెల్టర్ కట్టారు. ఫలకం నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. ఎంపీ గారి పేరు రోడ్డు మీద బైకు నడిపేవాడికి కూడా కనపడుతుంది. ఫలకం రోడ్డుకు తిన్నగా కనపడాలి కాబట్టి షెల్టర్‌ని కాస్త పక్కకు తిప్పి కట్టారు. దాంతో కూర్చున్నవాళ్లకు వచ్చే బస్సు కనపడదు. జనం ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద నిలబడతారు. బస్సు కూడా అక్కడే ఆగుతుంది. షెల్టర్‌లో మేకలుంటాయి, ఎండాకాలం ఒకాయన మిరపకాయలు ఆరబోసుకుంటాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పథకం లబ్ధిదారు అంటూ ఒకడున్నాడు, సంతోషం.

ఐదు కోట్ల పథకానికి జనం సహకరించని తీరు ఇది! "షెల్టర్‌లో కూర్చోవచ్చు కదమ్మా" అని ఒకావిడతో అంటే, "అక్కడ కూర్చుంటే బస్సు పోద్ది నాయనా, నువ్వు కూర్చో" అంది.

అందుకని నా రెండో సూచన, ఇక మీదట షెల్టర్ లేకుండా ఫలకం మాత్రమే మంజూరు చేయాలి. ఇటుక, ఇసుక, సిమెంటు ఖర్చు మిగులుతుంది, పగుళ్లిచ్చేదేదీ ఉండదు. మేకల సంగతి వేరే పథకంలో చూసుకోవచ్చు. మూడోది, ఆ వేపచెట్టును కొట్టేయాలి. ప్రభుత్వ ఆస్తికి అది పోటీగా నిలబడింది. పైగా చెట్టు పోతే ఇంకో ఫలకానికి సరిపడా జాగా వస్తుంది.