'టెన్షన్ తగ్గించుకోండి' గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'టెన్షన్ తగ్గించుకోండి' గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని ఇవాళ డెంటిస్ట్ దగ్గర కళ్లారా చూశాను. మధ్యాహ్నమంతా బయట కుర్చీలో కూర్చోబెట్టి, చివరికి డాక్టరు గారు లోపలికి పిలిచి, నా దవడ పన్నులో నిలువునా పడిన చీలికను అద్దంలో చూపించారు. రాత్రిళ్లు పళ్లు నూరుతున్నారన్నారు. సరే, ఎందుకు నూరుతున్నాను, ఏం చెయ్యాలి అని అడిగితే గ్లవ్స్ విప్పుకుంటూ మీ పేరు చెప్పారు. ఆ వెంటనే తర్వాతి పేషెంటును పిలిచారు.

మీ ప్రతిభ నాకు తెలియంది కాదు. జుట్టు రాలినా మీరే, కడుపులో మంటైనా మీరే, నిద్ర పట్టకపోయినా మీరే. ఇన్ని శాఖలు ఒంటిచేత్తో చూస్తున్నారు కాబట్టి ఒక చిన్న సందేహం అడిగే చనువు తీసుకుంటున్నాను. నేను పళ్లు నూరేది నిద్రలో కదండీ. మీ ఆజ్ఞను పాటించాల్సిన మనిషి ఆ వేళకు మంచం మీద ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడు. వాణ్ని ఎవరు లేపి చెప్పాలి?

అక్కడ జరిగేదేమిటో మీకెవరూ చెప్పినట్టు లేరు. లేత నిద్రలో మెదడు కొన్ని సెకన్ల పాటు మెలకువ అంచు దాకా వచ్చి మళ్లీ జారుకుంటుంది. అలా వచ్చినప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ వెనకే దవడ కండరాలు బిగుసుకుంటాయి. పడుకున్నవాడికి ఇదేమీ తెలియదు. ఆ కరకర శబ్దానికి నిద్ర చెడేది పక్కన పడుకున్నవాళ్లకు. పొద్దున్నే మనకు మిగిలేది కణతల్లో పోటు, చెవి ముందు నొప్పి, ఆవలించబోతే మొరాయించే దవడ. ఇక దాని బలం అంటారా, 1986లో ఫ్లోరిడాలో పరిశోధకులు కొలిచినప్పుడు ఒకాయన కొరుకు బలం 440 కిలోలు దాటింది. ఆ మహానుభావుడికీ పళ్లు బిగించే అలవాటే. అలాంటి కండరానికి మీరు రెండు ముక్కల్లో సలహా విన్నవించుకుని వెళ్లిపోతున్నారు.

మీలో అసలు నిజమే లేదని నేననను. ఆందోళనకూ పళ్లు బిగించడానికీ సంబంధం ఉంది, ముఖ్యంగా పగటిపూట. కానీ పగటి బిగింపంతా దిగులే అనుకుంటే పొరపాటు. లెక్కలు సరిచూసేటప్పుడు, ట్రాఫిక్‌లో బండి నడిపేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా పళ్లు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. అప్పుడు మనిషి ప్రశాంతంగానే ఉంటాడు, దవడే ఉండదు. పై పళ్లు, కింది పళ్లు తగలాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడు. రోజు మొత్తం మీద ఆ క్షణాలన్నీ కలిపినా అరగంట కాదు. మిగతా వేళంతా పెదవులు మూసి, పళ్లు కొద్దిగా ఎడంగా, నాలుక కొస పై పళ్ల వెనక అంగిలికి ఆనించి ఉంచుకోవాలి. ఫోన్ మోగినప్పుడో, తలుపు తీసినప్పుడో ఒకసారి చూసుకుని దవడ వదులు చెయ్యాలి. పగటి అలవాటు మీద ఇది నిజంగా పనిచేస్తుంది. చెప్పడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లూ మీరే తినేశారు.

ఇదీ నా అసలు ఫిర్యాదు. మీరు వచ్చి కూర్చున్న చోట రావాల్సిన ప్రశ్నలు రాకుండా పోతున్నాయి. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా అని అడగాలి. అలా నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా, ఉన్నవాళ్లలో చాలామందికి పళ్లు నూరడమూ ఉంటుంది. అలాంటివాళ్లలో కొందరికి రాత్రిళ్లు పై పళ్లకు తొడిగే నైట్ గార్డుతో ఊపిరి ఇబ్బంది ఇంకా పెరగవచ్చు కూడా. ఏ మందులు వాడుతున్నారని అడగాలి. డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూక్సెటీన్, సెర్ట్రలీన్ లాంటివి కొందరిలో ఈ బిగింపును తెచ్చిపెడతాయి. అయితే వాటిని ఎవరికి వారు ఆపెయ్యకూడదు, రాసిచ్చిన డాక్టరుతోనే మాట్లాడుకోవాలి. సాయంత్రం కాఫీ సంగతి, మద్యం సంగతి, సిగరెట్ సంగతి అడగాలి. ఇన్ని తలుపులుంటే అన్నిటికీ అడ్డంగా మీరొక్కరే కాళ్లు బారచాపుకుని కూర్చున్నారు.

మీ బంధువర్గాన్ని కూడా ఎరుగుదును. పిల్లలు పళ్లు కొరికితే కడుపులో పురుగులని తేల్చేసే పెద్దమ్మ ఒకరు. వాళ్లలో చాలామందికి ఎదిగే కొద్దీ అదే పోతుందంటే ఆవిడకు నచ్చదు. పళ్ల అమరికలోనే తేడా ఉంది, కాస్త అరగదీస్తే సర్దుకుంటుందనే బాబాయి ఇంకొకరు. అమరిక వల్లే నూరుతారనడానికి గట్టి ఆధారం లేదు, అరగదీసిన ఎనామెల్ మళ్లీ మొలవదు. దవడ కండరంలో వేసే బొటాక్స్ ఇంజెక్షన్ బిగింపు బలాన్ని తగ్గిస్తుంది, కొన్ని నెలలకు దాని ప్రభావం దిగిపోతుంది. ఇక నైట్ గార్డు పేరుకే కాపలా: దొంగను పట్టుకోదు, పంటికి పడాల్సిన దెబ్బ తను తింటుంది. అయినా దాని మీద నాకు గౌరవమే. చెయ్యగలిగిన పని చేస్తుంది, చేతగానిది చేస్తానని చెప్పదు. మీరు దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

1907లోనే ఫ్రెంచి వైద్యులు ఈ అలవాటుకు పేరు పెట్టారు. 2018లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది జబ్బు కాదనీ, కండరాల ప్రవర్తన అనీ, హాని చేస్తోందా లేదా చూడాలనీ రాశారు. ఇంత పని జరిగాక నా వంతుకు దక్కింది నువ్వు.

అవును, నువ్వే. 'మీరు' అని పిలిచే ఓపిక అయిపోయింది. నువ్వు చేసే పెద్ద అన్యాయం ఏమిటో తెలుసా? విరిగింది నా పన్ను, తప్పూ నాదే అంటావు. పళ్లు ఇంకోసారి పగిలితే, 'చెప్పాం కదా, మీరే వినలేదు' అనడానికి ముందే దారి వేసుకుంటావు. టెన్షన్ ఎక్కడ ఉంటుందో, ఏ స్విచ్ నొక్కితే దిగుతుందో చెప్పవు. ఇంటికి అప్పు ఉంటే, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే, ఉద్యోగం ఊగుతూ ఉంటే అవన్నీ సర్దుకునే దాకా పళ్లు ఆగాలా? నీ మాట విని రాత్రి పక్క మీద 'నేను రిలాక్స్ అయ్యానా, లేదా' అని పరీక్షించుకుంటూ పడుకుంటే దవడ ఇంకా బిగుసుకుంటోంది. నీ వల్ల బాగుపడ్డ పన్ను ఒక్కటి చూపించు.

ఈసారి వస్తే ఒంటరిగా రాకు. ఆ గురక ప్రశ్నను, మందుల ప్రశ్నను, నాలుక ఎక్కడ పెట్టాలో చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని వెంటబెట్టుకుని రా. అవి ముందు మాట్లాడతాయి. నువ్వు వెనక నిలబడు. ఎవరైనా నిన్ను అడిగితే అప్పుడు నోరు తెరువు.

ఇట్లు,
పెదవులు మూసి, పళ్లు ఎడంగా పెట్టుకున్న
మీ మాజీ విధేయుడు