"5 ఎంజీయే కదా, ఆపేయండి" అనకండి

డిప్రెషన్‌కి మాత్ర మొదలుపెట్టేటప్పుడు డాక్టర్లు ఓపిగ్గానే చెప్తారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు, వికారంగా ఉంటే తిన్నాక వేసుకోండి అని. అదే మాత్ర మానేసే రోజు వస్తే చీటీ మీద ఒక్క ముక్క రాస్తారు: పదిహేను రోజులు సగం, తర్వాత ఆపేయండి. నా కోపమంతా ఆ ముక్క మీదే.

ఎస్‌సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర నన్ను నిలబెట్టింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి ఎవరైనా రేపటి నుంచి మాత్ర మానేస్తే నాకు నిద్ర పట్టదు. 20 ఎంజీ నుంచి 10కి ఇబ్బంది లేకుండా దిగాను. 5కి వచ్చినప్పుడు కాస్త తల తిరిగింది, సర్దుకుంది. 5 నుంచి పూర్తిగా ఆపేశాక మొదలైంది. రోడ్డు దాటుతూ కుడివైపు చూస్తే చాలు, కళ్ళు తిప్పిన క్షణంలో తల లోపల జివ్వుమని కరెంటు కొట్టినట్టుండేది. రాత్రంతా పిచ్చి కలలు, లేచేసరికి ఒళ్ళంతా చెమట. కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడి ఏడ్చేదాన్ని. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, "5 ఎంజీలో ఏముందమ్మా, జబ్బే తిరగబెడుతోంది" అన్నారు.

5 ఎంజీలో చాలా ఉంది. లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో 2019లో మార్క్ హొరొవిట్జ్, డేవిడ్ టేలర్ రాసిన వ్యాసంలో లెక్క ఉంది. నా మందుకి దగ్గరి చుట్టమైన సిటలోప్రామ్ 20 ఎంజీ వేసుకుంటే, మెదడులో మనసు స్థితితో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లలో దాదాపు 80 శాతాన్ని అది అడ్డుకుంటుంది. సుమారు 9కి తగ్గించినా ఇంకా 70 శాతం. 5 దాటి కొంచెం ఉన్నా 60 శాతం. అంటే మొదటి పదిహేను ఎంజీ తగ్గిస్తే పోయేది 20 శాతమే, చివరి ఐదూ తీసేస్తే ఒక్కసారిగా 60 శాతం పోతుంది. నా మందుకి అంకెలు వేరైనా తీరు ఇదే. మెట్లన్నీ జానెడు ఎత్తు ఉండి, ఆఖరి మెట్టు మాత్రం నిలువెత్తు ఉన్నట్టు. అక్కడి నుంచి దూకమంటున్నారు మనల్ని.

జబ్బు తిరగబెట్టడానికీ, మందు తగ్గినందుకు ఒళ్ళు తిరగబడటానికీ తేడా ఉంది. మందు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలై, అంతకుముందు ఎప్పుడూ లేని కరెంటు షాకులు, తల తిరగడం వంటివి తోడైతే అది ఎక్కువగా రెండోదే. జబ్బు సాధారణంగా వారాలు, నెలలు తీసుకుని మెల్లగా వస్తుంది. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మళ్ళీ 5 మొదలుపెట్టించారు. కొద్ది రోజుల్లోనే షాకులు ఆగిపోయాయి. జబ్బే అయితే అంత తొందరగా పోతుందా?

అందరికీ ఇలా అవుతుందని కాదు. 2024లో అదే పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం మందు ఆపడం వల్లే ఇబ్బంది పడేవాళ్ళు ఆరేడుగురిలో ఒకరు, తీవ్రంగా పడేది దాదాపు 35 మందిలో ఒకరు. అందులో చాలా అధ్యయనాలు కొద్దికాలమే మందు వాడినవాళ్ళవని విమర్శా ఉంది. తక్కువమందే అనుకుందాం. ఆ ఒక్కరికి ఎవరు సమాధానం చెప్తారు?

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎస్‌సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు కలిపిన మాత్ర ఇక్కడ తెగ వాడతారు. రెండు మందులు మింగుతున్నామని చాలామందికి తెలియదు. ఆ మాత్ర సగం చేస్తే రెండూ సగమవుతాయి. క్లోనజెపామ్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి, రెండు పేర్లుంటే డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకండి.

"రోజు విడిచి రోజు వేసుకోండి" అనే సలహా కూడా నాకు నచ్చదు. ఈ మందు సుమారు 30 గంటల్లో ఒంట్లో సగానికి పడిపోతుంది. రోజు విడిస్తే ఒంట్లో మందు నిలకడగా తగ్గదు, ఎక్కిదిగుతూ ఉంటుంది. కొత్త డాక్టర్ గారు రోజూ వేసుకుంటూనే కొంచెం కొంచెం తగ్గించమన్నారు. ఇప్పుడు 2.5 దగ్గర ఉన్నాను. తెల్లకాగితం మీద 5 ఎంజీ మాత్ర పెట్టి కట్టర్‌తో కోస్తే, ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో పొడి. ఇంతకంటే తగ్గాలంటే ఆ ముక్కని మళ్ళీ కోయాలి. ఒళ్ళు కుదుటపడేదాకా కింద డోసుకి వెళ్ళను. తల తిరిగిన రోజు స్కూటీ తీయను. "ఇన్నాళ్ళు మింగావు, ఇక చాలు తల్లీ" అని అమ్మ అన్నప్పుడు మా ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా వివరిస్తారు. ఆ సాయం లేని ఆడవాళ్ళ సంగతి తలుచుకుంటే భయమేస్తుంది. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నెదర్లాండ్స్‌లో రోజురోజుకీ కాస్త తక్కువ డోసు ఉండేలా చిన్న కవర్లు వరసగా కట్టి ఇస్తారు. ఇన్ని కంపెనీలు, ఇన్ని బ్రాండ్లు ఉన్న మన దేశంలో మందుల షాపుకెళ్తే చేతికొచ్చే చిన్న మాత్ర 5 ఎంజీ. 1 ఎంజీ మాత్ర తయారుచేసి ప్రతి ఊళ్ళో దొరికేలా చేయండి. చీటీ రాసే డాక్టర్లూ, మొదలుపెట్టిన రోజు ఇచ్చినంత టైము ఆపే రోజు కూడా ఇవ్వండి.