ఇంట్లో ఉన్న వీడియో టీవీలో చూడటానికి పెద్ద నెట్ ప్లాన్ ఎందుకు?

తిరుపతి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాస్‌లో, అంటే ఇంటి రౌటర్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టెలో, దాచుకున్న వీడియోలు టీవీలో చూస్తే నెట్ డేటా అయిపోతుందని, 300 ఎంబీపీఎస్ ప్లాన్ లేకపోతే బొమ్మ ఆగి ఆగి వస్తుందని, నెట్ పోతే అసలు రాదని, నాస్‌లో రెండు డిస్కులుంటే ఇక భయం లేదని దాని సారాంశం. ఇది నమ్మి కొర్లగుంటలో మా పిన్నివాళ్లు ప్రతి నెలా అనవసరంగా ఎక్కువ కడుతున్నారు.

డేటా మాట పూర్తిగా తప్పు. వీడియో నాస్ నుంచి రౌటర్‌కి, అక్కణ్ణుంచి టీవీకి వెళ్తుంది. గడప దాటదు కాబట్టి నెట్ కంపెనీ లెక్కలోకి రాదు. ప్లాన్ వేగానికీ దీనికీ సంబంధం లేదు.

మరి బొమ్మ ఎందుకు ఆగుతుంది? ముందు వైఫై చూడండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, లేదా ల్యాన్ కేబుల్ లాగండి. ఫుల్ హెచ్‌డీ బ్లూరేలో వీడియో 40 ఎంబీపీఎస్ దాటదు. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్, దానికి సరిపోతుంది. బాగా బరువైన 4కె ఫైళ్లకు మాత్రం మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే మేలు.

అసలు చిక్కు ఎక్కువగా ఫైలులో ఉంటుంది. తిరుచానూరులో జరిగిన మా చెల్లెలి పెళ్లి వీడియో పిన్ని టీవీలో నిమిషానికోసారి ఆగేది. నాస్‌లోని వీడియోల్ని టీవీకి పంపే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ డాష్‌బోర్డు తెరిస్తే ‘ట్రాన్స్‌కోడింగ్’ అని ఉంది, నాస్ ప్రాసెసర్ 100 శాతం దగ్గర కొట్టుకుంటోంది. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి తీసి అలాగే ఇచ్చిన, రంగుల వివరం ఎక్కువుండే 4:2:2, 10 బిట్ ఫైళ్లవి. టీవీ వాటిని చదవలేదు. అందుకని నాస్ అప్పటికప్పుడు మార్చి పంపాల్సి వస్తోంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో ఒకసారి, టీవీలు చదవగలిగే మామూలు 8 బిట్ హెచ్.264 రకంలోకి మార్చి పెట్టాం. ఇప్పుడు ‘డైరెక్ట్ ప్లే’ (మార్చకుండా నేరుగా పంపడం) అని వస్తుంది, పెళ్లంతా ఆగకుండా చూస్తున్నారు. బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్ ఆన్ చేసినా ఇదే తలనొప్పి రావచ్చు.

నెట్ పోయినా జెల్లీఫిన్, వీడియోలు చూపించే కోడి యాప్ ఇంట్లో నడుస్తాయి. జెల్లీఫిన్ లాంటిదే అయిన ప్లెక్స్ మాత్రం అకౌంట్ లాగిన్ అడుగుతుంది కాబట్టి దాని సెట్టింగ్స్ ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం ఆ రెండు డిస్కుల మాటే. రెండింట్లోనూ ఒకే కాపీ ఉండేలా పెట్టుకుంటే, ఒక డిస్కు చెడితే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పొరపాటున డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. గంగమ్మ జాతరకి పిల్లలకు కట్టిన వేషాల వీడియోలు మళ్లీ తీయగలమా? వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని చిత్తూరులోనో మదనపల్లెలోనో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. వెళ్లినప్పుడల్లా కొత్తవి చేర్చి, ఒకటి రెండు ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి రండి.