రిస్క్ మనది, కమీషన్ వాళ్లది

ఐపీఎల్ మొదలైందంటే ప్రొద్దుటూరు పేరు పేపర్లో పడకుండా ఉండదు. ఎక్కడో ఒక లాడ్జి గది, నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, బల్ల మీద పేర్చిన నోట్ల కట్టలు, వెనకాల తలలు దించుకుని నిలబడ్డ కుర్రాళ్లు. ఆ ఫొటోలు చూసి చూసి మనకో అభిప్రాయం స్థిరపడిపోయింది. బెట్టింగ్ అంటే అత్యాశ, దాన్ని ఆపాలంటే పిల్లలకు బుద్ధి చెప్పాలి, అంతే. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. ఆశ ఎప్పుడూ ఉంది. మట్కా నంబర్లు రాసుకున్న రోజుల్లోనూ ఉంది, కోడిపందేల్లోనూ ఉంది. గత పాతికేళ్లలో కొత్తగా వచ్చింది మధ్యలో కూర్చున్నవాడికి నయాపైసా రిస్క్ లేకుండా చేసే ఏర్పాటు. ఈ వ్యాపారం ఇంత పెరగడానికి కారణం అదే. అది ప్రొద్దుటూరులో పుట్టలేదు, ముంబైలోనూ కాదు. 2000 జూన్‌లో లండన్‌లో మొదలైన బెట్‌ఫెయిర్ అనే కంపెనీ దాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది.

ఆ కథ టూకీగా చెప్పుకుందాం. ఆండ్రూ బ్లాక్ అనే ప్రోగ్రామర్, జేపీ మోర్గాన్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ రే కలిసి దాన్ని పెట్టారు. పెద్ద ఇన్వెస్టర్లు మొహం చాటేస్తే బంధువులు, స్నేహితుల దగ్గర పది లక్షల పౌండ్ల దాకా పోగేశారు. ప్రారంభంలో లండన్ వీధుల్లో శవపేటిక ఊరేగించారు. పోయినవాడు బుకీ అని ప్రచారం. అప్పటిదాకా పందెం అంటే బుకీతోనే, రేటు వాడు చెప్పిందే. వీళ్లు బుకీని తప్పించి, పందెం కాసేవాణ్ణి, ఆ పందెం తీసుకునేవాణ్ణి నేరుగా కలిపారు. దీన్నే బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ అంటారు. భారత్ గెలుస్తుందని 1.80 రేటుకు ఒకడు వెయ్యి కాస్తే, గెలవదని ఎక్కడో ఇంకొకడు ఎనిమిది వందలకు సిద్ధపడతాడు. భారత్ గెలిస్తే మొదటివాడికి ఎనిమిది వందలు, ఓడితే రెండోవాడికి వెయ్యి. మామూలు లెక్కలో గెలిచినవాడి లాభంలోంచి వందకు ఐదు కంపెనీది. భారత్ గెలిచిందా, ఆస్ట్రేలియా గెలిచిందా అన్న టెన్షన్ కంపెనీకి లేదు.

రిస్క్ లేని వ్యాపారం ఎలా పెరగాలో అలాగే పెరిగింది. 2002 నాటికి పోటీగా ఉన్న ఫ్లట్టర్ డాట్ కామ్‌ను కలుపుకుంది. 2006లో జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ 23 శాతం వాటా కొంది. 2010 అక్టోబర్‌లో షేరు 13 పౌండ్లకు లండన్ స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. 2016లో పాడీ పవర్‌తో కలిసిపోయింది. ఈ పాడీ పవర్ ఎవరనుకున్నారు? ఐర్లండ్‌లో పుట్టిన అచ్చమైన బుకీ కంపెనీ. పదహారేళ్ల కిందట శవపేటికలో పెట్టి ఊరేగించినవాణ్ణే పెళ్లి చేసుకుని ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. కలిసిన కంపెనీ 2018లో అమెరికాలో ఫ్యాన్‌డ్యూయల్ అనే ఫ్యాంటసీ ఆటల కంపెనీని చేజిక్కించుకుంది, 2019లో ఫ్లట్టర్ ఎంటర్‌టైన్‌మెంట్ అని పేరు మార్చుకుంది, 2024లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎక్కింది. బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ ఇప్పుడు ఆ సామ్రాజ్యంలో ఒక మూల గది మాత్రమే. ముందు ‘మేం మధ్యవర్తులం, మీ ఇద్దరి మధ్యకు రాం’ అని జనాన్ని పోగేశారు. జనం పోగయ్యాక బుకీ అంగడి తెరిచారు.

సరే, అసలు లెక్కకు వద్దాం. వందకు ఐదే కదా, అదీ గెలిచినవాడి దగ్గరే కదా, ఇందులో అన్యాయం ఏముంది అంటారు. కాగితం మీద వేసి చూడండి. ఇద్దరు స్నేహితులున్నారు. ఇద్దరికీ క్రికెట్ సమానంగా తెలుసు, ఇద్దరి అదృష్టమూ సమానమే. చెరో పది వేలు పెట్టుకున్నారు, మొత్తం ఇరవై వేలు. ఐపీఎల్ సీజన్‌లో 74 మ్యాచ్‌లు. ఒక్కో మ్యాచ్‌లో మూడు వేర్వేరు విషయాల మీద, వెయ్యికి వెయ్యి లెక్కన, ఒకరితో ఒకరు పందెం కాశారు. మొత్తం 222 పందేలు. ప్రతి పందెంలో గెలిచినవాడి వెయ్యి లోంచి యాభై కంపెనీకి పోతుంది. సీజన్ అయ్యేసరికి 11,100 రూపాయలు వాళ్ల చేతుల్లోంచి మాయం. మిగిలింది 8,900. వీళ్లలో ఎవడూ పిచ్చిగా ఆడలేదు, ఎవడూ ఎవణ్ణీ మోసం చేయలేదు, రేటు న్యాయంగా ఉంది, కంపెనీ ఒక్క రూపాయి కూడా అబద్ధం ఆడలేదు. అయినా సగానికి పైగా డబ్బు పోయింది. ఒకడు గెలిచినట్టు, ఒకడు ఓడినట్టు కనిపిస్తుంది గానీ ఆ ఇద్దరినీ ఒక ఇల్లు అనుకుంటే ఇల్లు ఖాళీ అయింది.

అందుకే బంతి బంతికీ పందెం వచ్చింది. టాస్ మీద, పవర్‌ప్లే పరుగుల మీద, వచ్చే ఓవర్ మీద. ఆట జరుగుతుండగానే రేటు మారుతూ ఉంటుంది, మారినప్పుడల్లా ఇంకో పందెం. కమీషన్ బతికేది పందేల సంఖ్య మీద. మూడుకు బదులు ముప్పై పందేలైతే పైన చెప్పిన స్నేహితుల ఇరవై వేలు సీజన్ దాకా ఎందుకు, రెండు వారాలు కూడా నిలవవు.

గెలుస్తూనే ఉండేవాడి సంగతీ చూడాలి. బుకీ అయితే తెలివైనవాణ్ణి చూసి భయపడతాడు, పందెం తీసుకోడు. మా దగ్గర గెలిచేవాడికి కూడా స్వాగతం అన్నది బెట్‌ఫెయిర్ గొప్పగా చెప్పుకున్న మాట. 2008లో ఆ మాటకు చిల్లు పడింది. ఎప్పుడూ లాభాల్లో ఉండే కొద్దిమంది మీద ప్రీమియం ఛార్జ్ అని కొత్త కోత పెట్టారు, లాభంలో 20 శాతం దాకా. 2011లో మరీ పెద్దగా గెలిచేవాళ్లకు దాన్ని 60 శాతం దాకా తీసుకెళ్లారు. పైకి చెప్పే కారణాలు ఏవైనా గానీ, గెలిచేవాడు డబ్బు బయటికి పట్టుకుపోతే చెరువులో నీళ్లు తగ్గుతాయి, మిగతావాళ్లు ఆడే పందేలు తగ్గుతాయి, కమీషన్ తగ్గుతుంది. ఇదీ అసలు భయం. పందెం మీద రిస్క్ లేనివాడు కూడా గెలిచినవాడి వాటాలో చెయ్యి పెట్టాడు.

ఇప్పుడు కడప జిల్లాకు వద్దాం. ఇక్కడికి ఎక్స్ఛేంజ్ బొమ్మ వచ్చింది, ఎక్స్ఛేంజ్ రాలేదు. టీ అంగడి దగ్గర నిలబడ్డ కుర్రాడి ఫోన్ చూడండి. ప్రతి జట్టు పేరు పక్కన ఒక నీలం గడి, ఒక గులాబీ గడి. నీలం నొక్కితే లగాయీ, అంటే గెలుస్తుందని. గులాబీ నొక్కితే ఖాయీ, అంటే గెలవదని. ఆ రెండు రంగులూ బెట్‌ఫెయిర్ తెర నుంచి ఎత్తుకొచ్చినవే. కింద ‘ఫ్యాన్సీ’ అని ఇంకో వరస, ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులు, ఏ బ్యాటర్ ఎంత కొడతాడు. ఐడీ, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో వస్తాయి. ‘అన్నా, పది వేల పాయింట్లు వేసినా. సోమవారం లెక్క చూసుకుందాం’ అంటాడు ఏజెంట్. డబ్బు ముందు పెట్టాల్సిన పని లేదు. లండన్‌లో ఖాతాలో ఉన్నంత మేరకే ఆట. ఇక్కడ ఖాతాలో ఉన్నది అప్పు, అది తీరేది ఇంట్లోని బంగారంతో. బంగారు అంగళ్లకు రెండో బొంబాయి అని పేరున్న ఊళ్లో కుదువ పెట్టడానికి ఎంతో దూరం నడవనక్కర్లేదు.

నొక్కిన గడికి అవతల ఇంకో ఆటగాడు ఉన్నాడని కుర్రాడు నమ్ముతాడు. చాలాసార్లు అవతల ఉండేది ప్యానెల్, అంటే ఐడీలు పంచి పందేలు తీసుకునే అడ్డా, నడిపేవాడే. మహాదేవ్ అనే బెట్టింగ్ యాప్ కేసులో ఈడీ 2023లో బయటపెట్టింది ఇదే. ఛత్తీస్‌గఢ్‌కు చెందినవాళ్లు దుబాయ్‌లో కూర్చుని, ఊరూరా ప్యానెళ్లను 70-30 వాటాల మీద అప్పగించి నడిపారు. రేటు వాళ్లదే, తెర వాళ్లదే, లెక్క రాసేదీ వాళ్లే. పోతే ఫోన్‌లో స్ట్రీమింగ్ కొన్ని సెకన్లు ఆలస్యం. సిక్స్ కొట్టాడని కుర్రాడికి కనబడేలోపు మైదానంలో మనిషిని పెట్టుకున్నవాడు పందెం వేసేసి ఉంటాడు.

దీన్ని చట్టబద్ధం చేసి, లైసెన్సులిచ్చి, పన్ను వేస్తే పోతుంది కదా అనేవాళ్లు ఉన్నారు. తేలిక వాదం కాదది. అడ్డుకోవడం సాధ్యం కాకపోతే నియంత్రించడమే మార్గమని 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో చెప్పింది. కానీ లైసెన్సు ఇచ్చిన దేశాన్నే చూడండి. బ్రిటన్‌లో 2005 నుంచీ గ్యాంబ్లింగ్ చట్టం ఉంది, దాన్ని అమలు చేసే నియంత్రణ సంస్థ ఉంది. అక్కడే 2019లో బెట్టింగ్ షాపుల్లోని మెషీన్ల మీద ఒక్క పందెం పరిమితిని 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు దించాల్సి వచ్చింది, 2020లో క్రెడిట్ కార్డులతో పందేలు నిషేధించాల్సి వచ్చింది. అప్పు చేసి ఆడకూడదని అంత పెద్ద వ్యవస్థకు తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. మన దగ్గర ఆట మొదలయ్యేదే అప్పుతో.

ఇక్కడ నా పాత గోడు ఒకటి వెళ్లబోసుకుంటాను. రిస్క్ లేని కమీషన్ సీమకు కొత్తేం కాదు. పత్తికొండ టమాట మార్కెట్లో బుట్ట యాభైకి పోయినా ఐదు వందలకు పోయినా మండీవాడికి వందకు ఇంత అని వస్తుంది. విత్తనాల డీలరుకు మొలకెత్తినా మొలకెత్తకపోయినా డబ్బు వచ్చేసింది. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోతే క్వింటా 1,200కు కొంటామని ప్రభుత్వమే దిగాల్సి వచ్చింది. ఆ పతనంలో తూకానికి, హమాలీకి, లారీకి, మండీకి ఎవరి రేటు వాళ్లకు ముట్టింది, ఉల్లి పండించినవాడే నష్టం మూటగట్టుకున్నాడు. మండీవాళ్లు రైతుకు పెట్టుబడి అప్పిస్తారు, వాళ్లకూ రిస్క్ ఉందంటారు. ఉంది. అయితే ఆ అప్పు తక్‌పట్టీలో, అంటే మండీవాడు రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలో, మొదటి కోతగా తిరిగి వస్తుంది, రైతుకు దక్కేది ఆఖర్న మిగిలినది. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దాన్ని నమ్మి వేరుశనగ వేయడం కంటే పెద్ద పందెం ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ ఉండదు. తండ్రి ప్రతి జూన్‌లోనూ ఒక్క వాన మీద ఇంటిల్లిపాదినీ పెట్టడం చూస్తూ పెరిగిన పిల్లాడికి, ఒక ఓవర్ మీద వెయ్యి పెట్టడం తప్పని మనం ఏ మొహంతో చెబుతాం?

బుద్ధి చెప్పే సభలు, ర్యాలీలు నాకు ఎందుకు నచ్చవో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చెప్పాల్సింది మధ్యలోవాడికి, చెప్పాల్సిన పద్ధతి కేసు. చట్టాలకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. అందులో ఆడేవాడికీ ఆరు నెలల దాకా జైలు ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఆడేవాడిని వదిలేసి, నడిపేవాడికి మూడేళ్లు, కోటి రూపాయల జరిమానా, ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, యాభై లక్షలు అంది. ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో ఏటా 45 కోట్ల మంది 20 వేల కోట్ల దాకా పోగొట్టుకుంటున్నారని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. ఆ దెబ్బకు అడ్రస్ ఉన్న కంపెనీలు దారికి వచ్చాయి. 2021లో మన దేశంలో ఆన్‌లైన్ రమ్మీ ఆడించే జంగ్లీ గేమ్స్‌ను చేతిలోకి తీసుకున్న ఫ్లట్టర్ కూడా ఇక్కడ డబ్బు ఆటలు ఆపేసింది. వాట్సాప్ ఐడీలకు అడ్రస్ లేదు, అవి ఆగలేదు.

ఆ కేంద్ర చట్టంలో పెద్దగా ఎవరూ మాట్లాడని మాట ఒకటుంది. ఈ ఆటలకు డబ్బు చెల్లింపులు సాగనిచ్చిన బ్యాంకులకూ, సంస్థలకూ అదే మూడేళ్లు, అదే కోటి. ఐడీకి అడ్రస్ లేకపోవచ్చు గానీ సోమవారం లెక్క తేలాలంటే డబ్బు ఏదో ఒక ఖాతాలో పడాలి. ఆ ఖాతాలు డిగ్రీ చదివే పిల్లలవి, కూలి పనులకు వెళ్లేవాళ్లవి. నెలకు రెండు మూడు వేలు చేతిలో పెట్టి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ పట్టుకుపోతారు. కేసు పడితే ముందు దొరికేది ఖాతా అద్దెకిచ్చినవాడే. రోజుకు పది వేలు తిరగని పొదుపు ఖాతాలో ఐపీఎల్ రెండు నెలలూ లక్షలు వచ్చిపోతుంటే ఆ బ్రాంచిలో ఎవరికీ కనబడలేదంటే నేను నమ్మను. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 2025లో ఈడీ తెలుగు సినిమా తారలను పిలిపించి ప్రశ్నించింది, టీవీల్లో రోజంతా అదే చూపించారు. ఖాతాలు అద్దెకు సేకరించే ఏజెంట్లను, వాటిని చూసీ చూడనట్టు వదిలేసిన బ్రాంచీలవాళ్లను ప్రొద్దుటూరులో, ఆదోనిలో, తాడిపత్రిలో ఎంతమందిని పిలిచారో మూడు జిల్లాల ఎస్పీలు చెప్పాలి. వచ్చే సీజన్ టాస్ పడకముందే చెబితే ఇంకా మంచిది.