స్పౌస్ పేరు దగ్గర ఆగిపోయిన ఫారం

మా ఇంజినీరింగ్ బ్యాచ్ పాతికేళ్ల కలయికకి రిజిస్ట్రేషన్ ఫారం తయారుచేసింది నేనే. పేరు, బ్రాంచ్, ఉంటున్న ఊరు, టీషర్ట్ సైజు, స్పౌస్ పేరు, పిల్లలెంతమంది. స్పౌస్ పేరు పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు కూడా పెట్టాను. అది నింపితే తప్ప ఫారం ముందుకు కదలదు. బ్యాడ్జీలు ముందే ప్రింట్ చేయించాలి కదా అని అలా చేశాను, అంతకు మించి ఆలోచించలేదు. అమెరికా నుంచి వచ్చారు, దుబాయ్ నుంచి వచ్చారు. హాస్టల్లో నాలుగేళ్లు నా పక్కగదిలో ఉన్నవాడు మాత్రం రాలేదు. వాడి ఇల్లు ఆ ఫంక్షన్ హాలుకి అరగంట దూరం.

కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి నిలదీస్తే చెప్పాడు. "రావాలనే అనుకున్నాన్రా. లింక్ ఓపెన్ చేశాను కూడా. ఆ కాలమ్ దగ్గర ఆగిపోయా. పన్నెండేళ్ల నుంచి ఒకడితోనే ఉంటున్నాను. వాడి పేరు అక్కడ రాయలేను. నిల్ అని కొడదామంటే చెయ్యి రాలేదు."

ఆ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి ఎల్‌జీబీటీక్యూ వాళ్ల గురించి మనం రెండు చోట్లే మాట్లాడుతున్నాం, కోర్టులోనూ పడకగదిలోనూ. వాళ్లు బతికేది ఆ రెండింటి మధ్య ఉన్న ఆదివారం మధ్యాహ్నాల్లో. ఆ మధ్యాహ్నం వెళ్లి కూర్చోవడానికి ఒక ఇల్లు, పేరు పెట్టి పిలిచే పదిమంది ఉన్నారా లేదా అన్నది నా దృష్టిలో తీర్పులంత ముఖ్యం. ఆ పదిమందిని ఇవ్వగలిగిన చోటు మన దగ్గర ఒకటే ఉంది. అది చదువుకున్న కాలేజీ.

తీర్పుల చరిత్ర అందరికీ తెలిసిందే. స్వలింగ సంబంధాన్ని నేరమన్న ఐపీసీ సెక్షన్ 377 మీద 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరటనిచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని వెనక్కి తీసుకుంది, 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ సంబంధం నేరం కాదని తేల్చేసింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది. ఆ పెళ్లి కేసులో మొదటి పిటిషనర్లు మన హైదరాబాద్ జంటే. నేరమా కాదా, పెళ్లి ఉందా లేదా, టీవీ చర్చలన్నీ అక్కడికక్కడే తిరుగుతున్నాయి.

మన భాష కూడా ఇందుకు సాయం చేసింది. పేపర్లలో ఇప్పటికీ కనిపించే మాట స్వలింగ సంపర్కులు. మనిషిని పిలిచే పేరులోనే పడకగదిని పెట్టేశాం. 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అనగానే మనకు ఏం గుర్తొస్తాయి? గురువులకు శాలువాలు, వెనక ఫ్లెక్సీ, గ్రూప్ ఫోటో, భోజనాలు. ఏ జిల్లా పేజీ తీసినా ఇలాంటి వార్త ఒకటి ఉంటుంది. అదే హెడ్డింగ్‌లో ముందు 'స్వలింగ సంపర్కుల' అని చేర్చి చూడండి. చదివేవాడి మనసులో ఏం మెదులుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కలిసి చదువుకున్నవాళ్లు కలిసి భోంచేయడం ఒక్క పదంతో అనుమానించాల్సిన విషయం అయిపోయింది. వాళ్లలో చాలామంది తమని తాము క్వీర్ అనుకుంటున్నారు, ఎల్‌జీబీటీక్యూ వాళ్లందరికీ కలిపి వాడే మాట అది. నేనూ ఆ మాటే వాడతాను.

కలిసి కూర్చోవడం ఏం సాధిస్తుందని అడిగేవాళ్లకి 2018 మే నెల గుర్తుచేస్తాను. ఐఐటీల్లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు 20 మంది 377 మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు పేరులో మొదట ఉన్నది ఒక తెలుగు పేరు, అన్వేష్ పొక్కులూరి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. అంతకుముందు కోర్టుకెళ్లినవాళ్లలో స్వచ్ఛంద సంస్థలు, సమాజంలో పేరున్నవాళ్లు ఎక్కువ. వీళ్లు ఉద్యోగాలు, చదువులు చేసుకునే మామూలు మనుషులు. వీళ్లని ఒకచోట చేర్చింది 'ప్రవృత్తి' అనే గ్రూపు. వేర్వేరు ఐఐటీల్లోని క్వీర్ పూర్వ విద్యార్థులు, విద్యార్థులు, సిబ్బంది అందులో సభ్యులు, అప్పటికి 350 మంది దాకా. ఐఐటీ బాంబేలో అయితే 'సాథీ' అనే గ్రూపు 2011 నుంచే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. అప్పటికి 377 అమల్లో ఉంది. పిటిషన్ మీద సొంత పేరు రాయడమంటే, చట్టం నేరమన్న పనిని నాదే అని సంతకం చేసి ఇవ్వడం. ఇంట్లో అమ్మానాన్న పేపర్లో చదువుతారు, ఆఫీసులో మేనేజర్ చదువుతాడు. లాయర్ని ఎవరైనా పెట్టుకోగలరు. ఆ సంతకం పెట్టే ధైర్యం మాత్రం ఒంటరిగా ఉన్నవాడికి రాదు, పక్కన ఇంకో పంతొమ్మిది మంది కావాలి. వాళ్లు తనకి తెలిసినవాళ్లు అయి ఉండాలి. ఆ పరిచయం కలిసి టీ తాగినచోట మొదలవుతుంది, ఒకరి రూమ్మేట్ గొడవ ఇంకొకరు విన్నచోట పెరుగుతుంది. బెంగళూరులో 'గుడ్ యాజ్ యూ' అనే క్వీర్ బృందం 1994లో మొదలై, గురువారం గురువారం కూర్చునేది. వారానికోసారి, ఏ ప్రత్యేక సందర్భమూ లేకుండా. నాకు అందులో నచ్చింది ఆ క్రమం తప్పని అలవాటే.

ఆ ఫోన్ తర్వాత ఒక ఆదివారం మావాడు నన్నూ పిలిచాడు. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నిజం చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గానే వెళ్లాను. గుమ్మం బయట పదిహేను జతలకు పైగా చెప్పులు. లోపల స్టీలు గిన్నెలో పులిహోర, పక్కన ఊరి నుంచి ఎవరో తెచ్చిన పూతరేకుల డబ్బా, కిటికీ కింద క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు. రెండు మూడు కాలేజీల వాళ్లు, బ్యాచ్‌లు వేరు వేరు. మాటలన్నీ హోమ్ లోన్ వడ్డీ గురించి, అమ్మకి షుగర్ పెరగడం గురించి. అంతా పాత హాస్టల్ గది వాతావరణమే.

అక్కడ కిందటేడే పాసైన కుర్రాడొకడు మావాడి పక్కన చాప మీద కూర్చుని, చాలాసేపు తటపటాయించి అడిగాడు. "అన్నా, ఈ ఫ్లాట్ మీరిద్దరూ కలిసి కొన్నారా? రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?"

"ఇద్దరి పేర్లూ ఉన్నాయి తమ్ముడూ. రిలేషన్ ఏంటని అడిగితే ఫ్రెండ్స్ అన్నాం."

"అమ్మగారికి తెలుసా అన్నా?"

"తెలుసు. పండక్కి నాతోపాటు వాడికీ బట్టలు పెడుతుంది. ఏమవుతాడని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది."

ఆ కుర్రాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. వాడు అంతకుముందు యాభైకి దగ్గరపడిన క్వీర్ మనిషిని ఎదురుగా చూసి ఉండడు. ఇల్లు కొనుక్కుని, మోకాళ్ల నొప్పులకి మాత్ర వేసుకుని, సాయంత్రం మొక్కలకి నీళ్లు పోసుకునే జీవితం తనకీ ఉంటుందని వాడికి అంతవరకు ఎవరూ చూపించలేదు. సినిమా చూపించదు, ఇల్లు చూపించదు. డేటింగ్ యాప్‌లో అయితే వయసు ఒక ఫిల్టర్, పాతికేళ్ల వాడికి నలభై ఎనిమిదేళ్ల వాడు కనపడనే కనపడడు. హైదరాబాద్‌లో 2013లో క్వీర్ వాళ్ల మొదటి ఊరేగింపు, ప్రైడ్ వాక్ జరిగింది, దాని విలువ నేను తగ్గించను. కానీ అది ఏడాదికోసారి, రోడ్డు మీద, కెమెరాల ముందు. ముఖం దాచుకోవాల్సినవాడు అక్కడ ఇంటి రిజిస్ట్రేషన్ గురించి అడగలేడు.

సీనియర్, జూనియర్ అనే బంధం ఉంది చూశారా, దాన్ని మనం చాలా తక్కువ అంచనా వేస్తున్నాం. రక్తసంబంధం లేకుండా, ఏమీ ఆశించకుండా, పదిహేనేళ్లు పెద్దవాణ్ని అన్నా అని పిలిచి సొంత విషయం అడగగలిగే చోటు మన సమాజంలో ఇదొక్కటే. "అన్నా, నేనూ మన కాలేజీయే" అంటే చాలు, ఉద్యోగానికి రెఫరల్ ఇస్తాం, కొత్త ఊళ్లో రూమ్ చూపిస్తాం. మామూలు పిల్లలకి ఎలా బతకాలో చూపించడానికి మేనమామలున్నారు, పిన్నులున్నారు. క్వీర్ పిల్లాడికి తనలాంటి పెద్దవాళ్లు తన ఇంట్లో పుట్టరు. పుట్టినా చెప్పరు. వాడికి ఆ వరస సీనియర్ల దగ్గరే దొరకాలి.

ఈ సంగతిని బయటి విశ్వవిద్యాలయాలు ముందే గ్రహించాయి. హార్వర్డ్‌లో క్వీర్ పూర్వ విద్యార్థులు 1984లోనే సంఘం పెట్టుకున్నారు, యూనివర్సిటీ వివక్ష నిషేధ విధానంలో తమనీ చేర్చాలని పట్టుబట్టారు. ప్రిన్స్‌టన్ 2013లో క్వీర్ పూర్వ విద్యార్థుల కోసమే సొంత క్యాంపస్‌లో పెద్ద సదస్సు జరిపింది, వందల మంది వచ్చారు. పరాయివాళ్లలా వెళ్లిపోయినవాళ్లని కాలేజీయే పిలిచి కూర్చోబెట్టడం అది. మన పిల్లలు వేల మంది అమెరికా యూనివర్సిటీల్లో చదువుతున్నారు. అక్కడి కాలేజీ రమ్మంటుంది. అక్కడి తెలుగు మహాసభలకు వెళితే అలుమ్నై మీట్ ఒక హాల్లో, పెళ్లి సంబంధాల సమావేశం పక్క హాల్లో ఉంటాయి. అక్కడ చదువుకునే క్వీర్ పిల్లాడు ఏ తలుపు తీయాలి?

అలుమ్నై సంఘం అందరిదీ, విడిగా గుంపులెందుకు అనేవాళ్లున్నారు. బయటపడితే ఉద్యోగాలకీ ఇళ్లకీ ఇబ్బంది కాదా అని భయపడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో మాటలో నిజం ఉంది. అందుకే సభ్యుల పేర్లు బయటపెట్టని, ఫోటోలు తీయని కలయికలు కావాలి, అలాంటివి నడపడం క్వీర్ వాళ్లకి బాగా తెలుసు. మొదటి మాటకి నా జవాబు చిన్నది. క్రికెట్ ఆడేవాళ్లకి వాట్సాప్ గ్రూపుంది, అమెరికా బే ఏరియాలో ఉండేవాళ్లకి ఉంది, స్టార్టప్‌ల వాళ్లకి ఉంది. వాటికి రాని ప్రశ్న దీనికే ఎందుకొస్తోంది?

ఇక్కడే నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ ఒకటి చెప్పుకోవాలి. మన తెలుగువాళ్లకి మనుషులు కలిసే చోట్లు కొరతేం కాదు. కార్తీకమాసం వస్తే తోటలన్నీ వనభోజనాలతో నిండిపోతాయి, కానీ ఉసిరిచెట్టు కింద ఆకు వేసేది కులం చూసే. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, సీమంతాలు అన్నీ బంధుత్వం చూసే. టు లెట్ బోర్డు మీద 'ఓన్లీ ఫ్యామిలీస్' అని రాస్తాం. ప్రతి పిలుపూ 'సకుటుంబ సపరివార సమేతంగా' అనే మొదలవుతుంది. పుట్టుకతో వచ్చిన బంధం ఉండాలి, లేదా పెళ్లితో వచ్చినది ఉండాలి. ఈ రెండూ కాక స్నేహంతో వచ్చినదానికి మన సమాజంలో కుర్చీ లేదు. దీనివల్ల నష్టపోతున్నది క్వీర్ వాళ్లొక్కరే అనుకోవద్దు. పెళ్లి చేసుకోని మా ఆఫీసు మేడమ్ ఉన్నారు, యాభై రెండేళ్లు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఆమె పక్కన ఎవరో ఒకరు చేరి జాలిగా చూస్తారు. విడాకులైనవాళ్లు, భర్త పోయినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు అందరూ ఈ 'సకుటుంబం' దగ్గర తలదించుకునేవాళ్లే.

ఆశ్చర్యం ఏమిటంటే ఈ విషయంలో సర్కారు, కోర్టులు మనకంటే ఒక అడుగు ముందున్నాయి. భాగస్వామితో జాయింట్ అకౌంట్ తెరవడానికి, నామినీగా పెట్టడానికి క్వీర్ వాళ్లకి ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో చెప్పింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకునే హక్కు గురించి ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసింది. 2025 మేలో మద్రాస్ హైకోర్టు పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని, మనుషులు ఎంచుకుని కట్టుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని అంది. చివరికి శవాన్ని అప్పగించడానికి ఒప్పుకున్నారు. బతికుండగా ఇద్దర్నీ భోజనానికి పిలవడానికి మనకేం అడ్డు?

కాలేజీలకి ఇందులో ఖర్చేమీ లేదు. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ 2022లో హాస్టల్లో ఒక ఫ్లోర్‌నే ఆడ, మగ తేడా లేని చోటుగా కేటాయించింది. అంత చేయక్కర్లేదు, అలుమ్నై సెల్ ఒక మెయిల్ ఐడీ ఇచ్చి, ఆ ఐడీని చూసుకోవడానికి నమ్మకస్తుడైన ఒక సీనియర్‌ని పెడితే చాలు. ఏడాదికోసారి ఒక గది, ఒక పూట టిఫిన్. ఐఐటీల వాళ్లకి ఇంగ్లిష్ ఉంది, జీతం ఉంది, వాళ్లు సొంతంగా చేసుకోగలిగారు. భీమవరంలోనో నల్గొండలోనో డిగ్రీ చేసి హైదరాబాద్ హాస్టల్లో దిగిన అమ్మాయికి కాలేజీ పేరు తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ అమ్మాయికి ఆ మెయిల్ ఐడీ ఎంత అవసరమో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మీ అలుమ్నై గ్రూపులో ఈ వారమే ఈ మాట ఎత్తండి. మొదట నలుగురు నవ్వుతారు, ఎత్తండి.

మా బ్యాచ్ మళ్లీ డిసెంబరులో కలుస్తోంది. ఫారం ఈసారి కూడా నేనే చేశాను. స్పౌస్ కాలమ్ తీసేసి 'మీతో వచ్చేవాళ్ల పేర్లు' అని పెట్టాను, ఏమవుతారని అడగలేదు. ఎర్ర నక్షత్రం పేరుకీ ఫోన్ నంబర్‌కీ తప్ప ఎక్కడా లేదు. కమిటీలో ఒకడు "ఎందుకురా ఇదంతా" అన్నాడు, గంటసేపు ఫోన్లో మాట్లాడితే ఒప్పుకున్నాడు. మొన్న రాత్రి పదకొండు దాటాక మావాడి ఎంట్రీ వచ్చింది. పేర్లు రెండున్నాయి. భోజనాల దగ్గర ఒక వెజ్, ఒక నాన్‌వెజ్ అని రాశాడు.